ఎక్కడ దిగాలో చెప్పని జైబు మేడం

పోయిన వారం మా ప్రయోగశాలలో కొత్త మట్టి పోశారు. ల్యాండర్ కాళ్లను పరీక్షించడానికి మాకో పెద్ద తొట్టిలాంటి గది ఉంది. అంగారకుడి నేలను పోలి ఉండేలా అందులో నల్లరాతి పొడి, గులకరాళ్లు, సన్నని ఎర్రదుమ్ము కలిపి పరుస్తారు. బస్తాలు విప్పుతుంటే ముక్కుకు గుడ్డ కట్టుకుని పక్కన నిలబడ్డాను. అయినా దుమ్ము నోట్లోకి పోయి పళ్ల మధ్య కరకరలాడింది. ఆ చప్పుడుకు బెంగళూరూ, చుట్టూ ఉన్న సహోద్యోగులూ ఒక్క క్షణం మాయమైపోయారు. గద్వాల నుంచి ఎర్రవల్లి చౌరస్తాకు పోయే రోడ్డు పక్కన, మిట్టమధ్యాహ్నపు ఎండలో, చున్నీతో ముఖం తుడుచుకుంటూ "ఇంకెంత దూరం నడవాలె మేడం?" అని విసుక్కుంటున్న ఇరవయ్యేళ్ల పిల్లనైపోయాను. వెంటనే కోపం వచ్చింది. జైబున్నిసా మేడం గుర్తొస్తే నాకు ముందు వచ్చేది కోపమే. మిగతావన్నీ ఆ తర్వాతే.

గురువుల గురించి రాసేవాళ్లు సాధారణంగా వాళ్ల ఓర్పు గురించి రాస్తారు. జైబు మేడంకు కూడా ఓర్పు బాగానే ఉండేది, కానీ అది ఎదుటివాళ్ల ఓర్పును మింగేసే రకం. వనపర్తిలో మా డిగ్రీ కాలేజీలో ఆమె భౌతికశాస్త్రం చెప్పేది. సొంతూరు గద్వాల. పొట్టి మనిషి, మందపాటి కళ్లద్దాలు, గొంతు మాత్రం పక్క తరగతికి కూడా పాఠం చెప్పేంత పెద్దది. స్కూటీని నడిరోడ్డు మీద మనిషి నడిచే వేగంతో నడిపేది. వెనక లారీ హారన్ కొడితే ఆపి దిగి, "ఏంది, అంత తొందరేంది?" అని డ్రైవర్‌నే అడిగేది. ఆమె క్లాసులో సిలబస్ ఏనాడూ పూర్తి కాలేదు. పైనుంచి వదిలిన రాయి ఎందుకు కింద పడుతుందని మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆ రాయి గాలిలోనే ఉండేది. "పరీక్షల ఏం రాయాలె మేడం?" అని మేం అడిగితే "పుస్తకంల ఉన్నది రాయుండ్రి, అదేం పెద్ద పని?" అనేది. నేను నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి పోయేదాన్ని. అంత దూరం వచ్చి గాలిలో వేలాడే రాయిని చూసి ఇంటికి పోవడం నాకు మంటగా ఉండేది.

ఆఖరి సంవత్సరంలో విద్యార్థులకు పోటీ ఒకటి వచ్చింది. అంగారకుడి మీద ఒక చోటు ఎంచుకోవాలి. అక్కడ దిగడానికి మనుషులు లేని ల్యాండర్‌ను రూపొందించాలి. దాని చిన్న నమూనా తయారు చేసి హైదరాబాదు తీసుకుపోతే, వాళ్లు డ్రోన్‌తో ఎత్తి రాళ్ల నేల మీదికి వదులుతారు. అది తలకిందులు కాకుండా దిగి ఒక ఫొటో తీసి పంపాలి. చోటు ఎందుకు ఎంచుకున్నామో న్యాయనిర్ణేతల ముందు చెప్పాలి. వీపనగండ్ల నుంచి వచ్చే మద్దిలేటి నాకు జోడీ. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తూ చదువుకునేవాడు, వైర్లూ బ్యాటరీలూ వాడి చేతిలో మాట వినేవి. మా ఇద్దరికీ ఒక అధ్యాపకుడి తోడు ఉండాలన్నారు. మిగతా సార్లు ఎవరూ ఒప్పుకోలేదు. జైబు మేడం ఒప్పుకుంది. ఆరోజు మేం సంబరపడ్డాం.

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. నేను రాత్రీ పగలూ చదివి ఒక అద్భుతమైన చోటు పట్టుకున్నాను. పెద్ద బిలం, దాని అంచును చీల్చుకుని వచ్చిన ఎండిన నది, ఆ నది మట్టిని కుమ్మరించి విసనకర్రలా పరిచిన ముఖద్వారం. పటం పెద్దగా అచ్చువేయించి మేడం బల్ల మీద పరిచాను.

"ఈడ నీళ్లు పారినయి మేడం. ప్రాణమనేది ఎన్నడన్న ఉండుంటే దాని జాడ ఈడనే దొరుకుతది."

"మంచిగుంది. యాడ దిగుతవు?"

"ఈడ," అని ముఖద్వారం నడిమధ్యలో వేలు పెట్టాను.

"నీ ఏలు పెట్టిన కాడనేనా?"

"ఆ."

"నీ ఏలు ఎంత పెద్దగుందో ఎరుకేనా?"

కొలత చూసుకుంటే నా వేలికొన కింద ఒక మండలమంత నేల ఉంది. అది చూసి నేను తడబడుతుండగానే ఆమె సొరుగులోంచి పాత పెళ్లిపత్రిక ఒకటి తీసి, కత్తెరతో దాన్ని పొడుగాటి గుడ్డు ఆకారంలో కత్తిరించింది. అంగారకుడి గాలి మరీ పలచన. అంత వేగంతో వచ్చే నౌక ఆ గాలిలో ఎంత తడబడుతుందో, వేగం తగ్గించే పారాచూట్ గొడుగు ఏ క్షణాన విచ్చుకుంటుందో ముందుగా ఖాయంగా చెప్పలేం. కాబట్టి ఒక చుక్క దగ్గర దిగడమనేది ఉండదు, ఒక గుడ్డులో ఎక్కడో ఒక చోట దిగడం మాత్రమే ఉంటుంది. ఈ సంగతి నేనూ చదివాను. కానీ ఆమె ఆ అట్టముక్కను నా పటం మీద పెట్టలేదు. గోడ మీదున్న మన జిల్లాల పటం దించి, అదే కొలతకు సరిపోయేటట్టు దాని మీద పెట్టింది. గుడ్డు ఒక కొన గద్వాల మీద ఉంది, రెండో కొన వనపర్తిని దాటింది.

"నువ్వు పెబ్బేరుల దిగుదామనుకుంటవు. బీచుపల్లి కాడ కృష్ణల పడ్తవు. లేకపోతే గద్వాల గుట్టల మీద. ఈ గుడ్డుల యాడ పడ్డా బతుకుతనంటేనే అది జాగ. ఆదివారం పొద్దుగాల గద్వాల బస్టాండు కాడికి రాండ్రి, ఇద్దరు."

"ఎందుకు మేడం?"

"చూడనీకి."

అంగారకుడి కోసం గద్వాల చూడడమేమిటో నాకు అర్థం కాలేదు. అయినా పోయాం. ఆ ఆదివారంతో సరిపోలేదు, తర్వాత మరికొన్ని సెలవు రోజులు కూడా అట్లాగే గడిచాయి. బస్సెక్కడం, ఆమెకు తోచిన చోట దిగడం, పొలాల్లో నడవడం. పగుళ్లు విచ్చిన నల్లరేగడి, జూరాల కాలువ కింద మోకాలిలోతు బురద మడి, ఏనుగులు పడుకున్నట్టుండే బండల గుట్టలు, పత్తి చేలు, మల్దకల్ వైపు చదునుగా కనిపించి దగ్గరికి పోతే కంకర తేలిన చెలక. ప్రతిచోటా ఒకటే ప్రశ్న.

"ఈడ దిగితే?"

"బతుకుతది మేడం."

"కాలు ఈ పగులుల పోతే?"

"...సస్తది."

"మరి బతుకుతదంటివి?"

ఒకసారి సంతరోజున పెబ్బేరులో దిగింది. ఎడ్ల మధ్య, పేడ మధ్య, బేరాల అరుపుల మధ్య నిలబడి పటం విప్పి, ఇక్కడ నేల వాలు ఎంతుంటుందో చెప్పమంది. మేం దారికి అడ్డంగా ఉన్నామని ఒక బేరగాడు వచ్చాడు.

"ఏమమ్మా, ఎడ్లు కొంటరా, ఊకెనే నిలబడ్డరా? జర జరుగుండ్రి."

"జాగ జూస్తున్నమయ్యా," అంది మేడం.

"సంతల జాగ అమ్మరమ్మా."

"కొననీకి గాదు. దిగనీకి."

అతను మేడంను చూశాడు, తర్వాత జాలిగా నన్ను చూశాడు. ఎద్దును పక్కనుంచి తోలుకుపోతూ దాని తోకతో నా ముఖం మీద ఒకటి వేయించాడు. మద్దిలేటి నవ్వాపుకోలేక అటు తిరిగాడు. ఇంటికి వచ్చి నేను అమ్మతో అన్నాను, ఈమెకు తెలిసిందేదో తిన్నగా చెప్పేస్తే ఏం పోతుందని. సమాధానం తన దగ్గర పెట్టుకుని మమ్మల్ని ఎండలో తిప్పి సంతోషిస్తోందని అప్పట్లో నా గట్టి నమ్మకం.

నమూనా దగ్గర ఇంకా అధ్వాన్నం. మద్దిలేటి అల్యూమినియం గొట్టాలతో మూడు కాళ్లు చేశాడు. తేలిగ్గా, చూడముచ్చటగా ఉన్నాయి. కెమెరా, బ్యాటరీ ఉన్న పెట్టె వాటి మీద. ఊరి బయట బండల వాలులో వెదుళ్లతో ముక్కాలి కట్టి, దానికి నమూనాను తాడుతో వేలాడదీసి పైనుంచి వదిలేవాళ్లం. మొదటిసారి ఒక కాలు రాయి మీద పడి, దెబ్బ నేరుగా పెట్టెకు తగిలి మూత ఊడింది. కాళ్లు ఇంకా గట్టిగా చేశాడు. ఈసారి పెట్టెకు పగులొచ్చింది. మరింత గట్టిగా చేశాడు. ల్యాండర్ బంతిలా ఎగిరి పక్క బండ మీద బోర్లాపడింది, కెమెరా పోయింది. ప్రతిసారీ మేడం గొడుగు కింద కూర్చుని ఒకే మాట అడిగేది: "ఇప్పుడేమైంది?"

"పగిలింది మేడం, కనవడ్తలేదా?" అన్నాడు మద్దిలేటి మూడోసారి.

"అది కనవడ్డది. ఏమైంది అని అడుగుతున్న."

మద్దిలేటి చేతిలోని స్క్రూడ్రైవర్ నేల మీద పెట్టి, చొక్కా దులుపుకుని రోడ్డు వైపు నడిచాడు. నేను పిలిచినా వెనక్కి తిరగలేదు. కొత్త కెమెరా సంపాదించడానికి వాడు దుకాణంలో అదనంగా పని చేస్తున్నాడని నాకు తెలుసు. పోటీ దగ్గరికొచ్చింది. చోటు తేలలేదు, కాళ్లు తేలలేదు, ఉన్న ఒక్క తోడూ వెళ్లిపోయాడు. నాలో ఏదో తెగింది.

"మేడం, మీకు తెలిస్తే చెప్పుండ్రి! ఎన్ని కాళ్లు పెట్టాలె, యాడ దిగాలె, ఒక్క ముక్క చెప్పుండ్రి. తెల్వకపోతే తెల్వదని అయినా చెప్పుండ్రి!"

"తెల్వదు," అంది ఆమె.

నేను ఇంకా ఏదో అరవబోయి ఆగిపోయాను.

"ఏంది మేడం?"

"నాక్గూడ తెల్వదు బిడ్డా. నేనెన్నడన్న అంగారకుని మీద దిగిన్నా? తెలిస్తే మిమ్మల్ని ఇంత పరేషాన్ ఎందుకు చేస్త? మీతోపాటు నేను గూడ తెలుసుకుందామని తిరుగుతున్న."

ఆమె గొంతులో కోపం లేదు. సిగ్గు కూడా లేదు. అదే నాకు మింగుడుపడలేదు. నాకు తెలిసిన పెద్దవాళ్లలో ఎవరూ, మా నాన్న గానీ, బడిలో సార్లు గానీ, 'తెలియదు' అనే మాట అంత మామూలుగా, దాహం వేస్తోంది అన్నట్టుగా అనగా నేను వినలేదు. దాచిపెట్టిన సమాధానం ఏదీ లేదని తెలిశాక నా కోపం పెరిగింది. మరి ఇన్నాళ్లూ ఎవరిని నమ్ముకుని నడిచినట్టు? వెదుళ్లు విప్పి మోసుకొస్తూ దారంతా ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం నా పక్కనే నడుస్తూ, ల్యాండర్ రెండోసారి కంటే మూడోసారి ఎందుకు ఎత్తుగా ఎగిరిందో తనలో తాను లెక్కలు వేసుకుంటోంది. నిజంగానే ఆమెకు తెలియదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంటోంది. ఇల్లు చేరేసరికి నేను కూడా అదే ఆలోచిస్తున్నానని గమనించాను. కాళ్లు గట్టిపడే కొద్దీ దెబ్బ ఎక్కడికి పోతోంది?

మరునాడు మద్దిలేటి పనిచేసే దుకాణానికి పోయాను. బతిమాలడానికి కాదు, ఆ ప్రశ్న అడగడానికి. వాడు తలెత్తకుండా ఫోన్ విప్పుతూ విన్నాడు. "దెబ్బను కాలే తినాలె. పెట్టె దాకా రానియ్యొద్దు," అన్నాడు. "అంటే కాలు గట్టిగ ఉండొద్దు." తర్వాత దుకాణం ముందు చెత్తబుట్టలోంచి ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా ఒకటి తీసి నేల మీద నిలబెట్టి, మడమతో తొక్కాడు. డబ్బా మడతలు పడి సగమైంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ప్రతి కాలి గొట్టం లోపలా ఒక పలచని డబ్బాను ఇరికించాడు. మూడు కాళ్లు కాస్తా నాలుగయ్యాయి, వెడల్పుగా చాచుకున్నాయి. మళ్లీ అదే వాలులో వదిలాం. ఒక డబ్బా పూర్తిగా నలిగింది, ఇంకోటి సగం నలిగింది. ల్యాండర్ కొంచెం పక్కకు ఒరిగి నిలబడింది. మేడం గొడుగు పడేసి వచ్చి దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. మెచ్చుకుంటుందేమోనని చూశాం. "ఆ డబ్బా ఒక్కసారికే పనికొస్తది గదా?" అంది. "అక్కడ దిగేది ఒక్కసారే మేడం," అన్నాడు మద్దిలేటి. ఆమె అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

చోటు గురించి మాత్రం మా ఇద్దరి మధ్యే తగవు మిగిలింది. గుడ్డును నా నది ముఖద్వారం మీద ఎట్లా తిప్పి పెట్టినా ఒక పక్క నిటారు గట్టు, ఇంకో పక్క బండలు తగులుతున్నాయి. దానికి దిగువన, పాత వరదలు మట్టిని ఈడ్చుకొచ్చి పరిచిన ఒక మైదానం ఉంది. పల్లంలో ఉంది కాబట్టి గొడుగు పనిచేయడానికి పైన గాలి కొంచెం ఎక్కువ దొరుకుతుంది. ఎండ బాగా పడుతుంది. గుడ్డు మొత్తం అందులో పడుతుంది. కానీ ఫొటోలో అది ఉత్త బోడి నేల. "ఆడ ఏముందని చూస్తం? అంత దూరం పోయి చెలకలో దిగినట్టుంటది," అన్నాడు మద్దిలేటి. నది తెచ్చిన మట్టి కొంతైనా అక్కడిదాకా వచ్చి ఉంటుందని నేనన్నాను. రాకపోతే అన్నాడు. ఇద్దరం మేడం వైపు తిరిగాం. "ముంగట నిలబడి చెప్పేది ఎవరు?" అంది. నేనే అన్నాను. "అయితే నువ్వే తేల్చుకో," అని చాయ్ తాగడానికి పోయింది. నేను మైదానం తేల్చుకున్నాను. నాకిష్టమైన నది పటాన్ని చుట్టి బీరువా మీద పెడుతుంటే ఏడుపొచ్చింది.

హైదరాబాదులో ఆరోజు గాలి ఎక్కువ. పెద్ద కాలేజీల జట్లు మెరిసే నమూనాలతో వచ్చాయి. మా వంతు వచ్చి, డ్రోన్ వదలగానే గాలి మా ల్యాండర్‌ను పక్కకు నెట్టింది. అది రాళ్ల నేల అంచున అన్నిటికంటే పెద్ద రాయి మీదికి పోయింది. ఒక కాలు రాయి మీద, మూడు కింద. కరక్కున చప్పుడైంది. మద్దిలేటి నా మణికట్టు పట్టుకున్నాడు. ఒరిగింది, ఇంకా ఒరిగింది, నిలబడింది. కాసేపటికి తెర మీద ఫొటో వచ్చింది. మూడొంతులు ఆ రాయే, మూలన కాస్త ఆకాశం. చూసినవాళ్లు నవ్వారు. మేం మాత్రం అరిచి గంతులేశాం.

తర్వాత నన్ను ముందుకు పిలిచారు. అంత అందమైన నది పక్కనుండగా ఈ బోడి మైదానం ఎందుకన్నారు. గుడ్డు సంగతి, వాలు సంగతి, గాలి సంగతి చెప్పాను. ఒక పెద్దాయన ముందుకు వంగి అడిగాడు: "సరేనమ్మా, ఆ మైదానంలో మీ ల్యాండర్‌ను పడగొట్టేంత రాయి ఒక్కటీ లేదని ఖాయంగా చెప్పగలవా?"

నాకంటే ముందు మాట్లాడిన ప్రతి జట్టూ ఇట్లాంటి ప్రశ్నకు చెప్పగలమనే అంది. నేను వెనక వరుసలోకి చూశాను. మేడం నావైపు చూడడం లేదు, వంగి కుర్చీ కింద కళ్లద్దాలు వెతుక్కుంటోంది.

"తెలియదు సార్," అన్నాను. "అంత చిన్న రాళ్లు పైనుంచి తీసిన ఫొటోల్లో కనబడవు. కనబడిన రాళ్లను తప్పించడానికి ఈ చోటు ఎంచుకున్నాం. కనబడని రాళ్ల కోసం కాళ్లు ఇట్లా చేశాం. రెండూ చేసినా పడిపోవచ్చు. పడిపోయే అవకాశం తక్కువని మాత్రమే చెప్పగలను."

ఆయన ఏదో రాసుకున్నాడు. మాకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది, ఏ రాయీ తగలకుండా మెత్తని మట్టిలో దిగిన జట్టుకు పోయింది. బస్సులో వస్తూ మద్దిలేటీ నేనూ గాలిని తిట్టుకున్నాం, అదృష్టాన్ని తిట్టుకున్నాం. మేడం సమోసాలో ఉప్పు తక్కువైందని జడ్చర్ల దాకా సణిగింది. ఆ తర్వాత, "ఆ రాయి ఫొటో నా ఫోన్ల పెట్టు," అంది. ఎవరైనా "ఇది అంగారకుడా మేడం?" అని అడిగితే "కాదు, హైదరాబాదు. మా పిల్లలు దిగినరు," అని చెప్పేదట.

అక్కడినుంచి నా దారి ఇటు వచ్చింది. పై చదువులు, తర్వాత ఈ ఉద్యోగం. ఇప్పుడు నిజమైన ల్యాండర్ కోసం నిజమైన చోటు వెతికేవాళ్లలో నేనొకదాన్ని. మద్దిలేటి పెబ్బేరులో సొంత దుకాణం పెట్టుకున్నాడు, డ్రోన్లు కూడా బాగుచేస్తాడు. మేడం ఉద్యోగ విరమణ చేసి గద్వాలలో తమ్ముడి ఇంటి పైభాగంలో ఉండేది. పోయినేడాది ఆరోగ్యం బాగాలేదని తెలిసి చూడ్డానికి పోయాను. దవాఖాన నుంచి వచ్చి రెండు రోజులే అయింది. చిక్కిపోయింది, గొంతు మాత్రం తగ్గలేదు. చివరికి మిగిలిన రెండు చోట్ల పటాలు ల్యాప్‌టాప్‌లో చూపించాను. ఏదో ఒకటి మంచిదనే మాట ఆమె నోట వినాలని ఆశపడ్డాను. ఆమె తెరకు ముక్కు ఆనించి గంటసేపు ప్రశ్నలు అడిగింది. ఈ నీడ ఏంది, ఈ గీత ఏంది, దుమ్ము ఎంత లోతుంది, కాలు దిగబడితే ఎట్ల? సగానికి నాకు సమాధానాలు లేవు. "మేడం, మీరు రెస్ట్ తీసుకోండి," అని విసుక్కున్నాను. "రెస్ట్ తీసుకొని ఏం చెయ్యాలె?" అని ఆమె విసుక్కుంది. వాళ్ల మరదలు వచ్చి ఇద్దర్నీ కోప్పడి ల్యాప్‌టాప్ మూసేసింది.

మెట్లు దిగుతుంటే పైనుంచి కేకేసింది. "రేణుకా, దిగే రోజు ఎప్పుడో చెప్పు. నేనొస్త."

ఇంకా కొన్నేళ్లు పడుతుందన్నాను. "ఏం జేస్తున్నరు మీరంత?" అంది. రెండు నెలల తర్వాత మేడం పోయింది.

నా సహోద్యోగులకు నాతో వేగడం కష్టమని నాకు తెలుసు. అందరూ సరేనన్న చోట నేను ఇంకో ఫొటో అడుగుతాను. మొన్న సమావేశంలో ఒకాయన కలం బల్ల మీద పడేసి, మీరేం కోరుకుంటున్నారో చెప్పేయండి మేడం అని అరిచాడు. నాకు కోపం రాలేదు. అతని ముఖంలో నా ముఖమే కనబడింది. అతని పక్కకు కుర్చీ జరుపుకుని, నాకు తెలియని వాటిని ఒక్కొక్కటే చెప్పాను. అతను తనకు తెలియనివి చెప్పాడు. భోజనాల వేళ దాటిపోయింది.

చోటు దాదాపు తేలింది. ఏదో ఒక రోజు మా ల్యాండర్ అక్కడికి చేరుతుంది. అంత దూరం నుంచి కబురు వచ్చేలోపు చేయగలిగిందేమీ లేక, తెర ముందు కూర్చుంటాం. అది నిలబడితే అందరూ ఒకర్నొకరు కౌగిలించుకుంటారు. పడిపోతే "ఇప్పుడేమైంది?" అని అడిగే మనిషి ఉండదు. ఏది జరిగినా, ఆ రోజు నేను ఎవరి మీద విసుక్కోవాలి?